ద్వారకానగర్ జర్మన్ క్లాస్: చర్చికి వెళ్ళేవాళ్ళు శనివారం గంట వదులుకోకండి

నేను నర్సునండి, మాది గాజువాక. జర్మనీలో హాలే అనే ఊళ్ళో పనిచేస్తున్నా, ఇది మూడో ఏడు, ఇప్పుడు సెలవుకి వైజాగ్ వచ్చాను. వెళ్ళకముందు ద్వారకానగర్‌లో ఒక మేడమ్ గారు ఇంటి మేడ మీద చెప్పే జర్మన్ క్లాసులో చేరాను, దాని గురించి రాయాలని ఎప్పట్నుంచో ఉంది, మొన్న ఆరాధన అయ్యాక ఇద్దరు అమ్మాయిలు అక్కా ఎక్కడ నేర్చుకున్నావ్ అని అడిగారు, ఇంక కూర్చుని రాసేస్తున్నా.

పరీక్ష సంగతి ముందు చెప్పేస్తా. నర్సుగా చెయ్యాలంటే జర్మన్‌లో బి2 అనే స్థాయి అడుగుతారు, చదవడం వినడం రాయడం మాట్లాడడం నాలుగూ రావాలి. అంతకుముందు వేరే పెద్ద సెంటర్లో చేరి నలభై మందిలో ఒక్కరోజు కూడా నోరు విప్పకుండా నాలుగు నెలలు పోగొట్టుకున్నాను. మేడమ్ దగ్గర పదిమందే. రోజూ ప్రతి ఒక్కరితో మాట్లాడిస్తారు, మాట్లాడుతుంటే మధ్యలో ఆపరు, అయ్యాక తప్పులు చెప్తారు. నాకు వినడం పరీక్ష ఒకసారి పోయింది, రెండోసారికి వచ్చేసింది.

అసలు చెప్పాల్సింది శనివారం గంట గురించి. మేడమ్ చాలా ఏళ్ళు అక్కడ ఉండి వచ్చారు, చర్చికి వెళ్ళేవాళ్ళు ఎవరైనా ఉంటే ఉండండమ్మా అని శనివారం క్లాసయ్యాక ఇంకో గంట కూర్చోబెట్టేవారు, ఫీజు లేదు. పరలోక ప్రార్థన జర్మన్‌లో, ఫాటర్ ఉన్‌జర్ ఇమ్ హిమ్మెల్ అని, కాగితం చూడకుండా వచ్చేదాకా చెప్పించారు. అప్పుడు ఎందుకింత అనిపించింది గానీ అక్కడ మొదటి ఆదివారం ప్రసంగం మొత్తంలో నాకు పది మాటలు కూడా అందలేదు, ఆ ప్రార్థన వచ్చేసరికి మాత్రం అందరితో పాటు నా గొంతు కలిసింది, ఆ ఒక్క నిమిషం నేను ఆ సంఘంలో మనిషిని.

ఇంకోటి చెప్పారు, తెలుగులో కంఠస్థం వచ్చిన వాక్యాలే ముందు జర్మన్‌లో చదవండి, డిక్షనరీ తియ్యకండి అని. 23వ కీర్తన చదివాను. నాకు లేమి కలుగదు అన్నచోట వాళ్ళది మీర్ విర్డ్ నిష్ట్స్ మాంగెల్న్ అని ఉంటుంది. తర్వాత వార్డులో చేరాక ల్యాబ్ రిపోర్టుల్లో ఐజెన్‌మాంగెల్ అని కనిపించేది, అంటే ఒంట్లో ఐరన్ తక్కువ. లేమి అన్నమాట! చిన్నప్పుడు సండేస్కూల్లో పరుగులా అప్పజెప్పేసిన మాట అప్పుడు తెలిసింది నాకు, ఒక పేషెంట్ రిపోర్టు చేత్తో పట్టుకుని.

హాలే వెళ్తున్నానంటే మేడమ్ ఎంత సంతోషించారో. ఆ ఊళ్ళోనే 1746, 47 ప్రాంతంలో తెలుగు పుస్తకాలు అచ్చేశారంట, మద్రాసులో తెలుగు నేర్చుకుని తిరిగెళ్ళిన బెంజమిన్ షుల్జే గారి పని అది. మన వైజాగ్‌కే 1805లో లండన్ మిషన్ వాళ్ళు క్రాన్, దె గ్రాంజ్ అని ఇద్దరు వచ్చి, ఆనందరాయరు అనే ఒకాయన సాయంతో సువార్తల్ని తెలుగులోకి తేవడం మొదలెట్టారు. వాళ్ళూ మన వీధుల్లో మాట రాక నిలబడే ఉంటారు కదమ్మా అన్నారు మేడమ్. భాష రాక ఏడుపొచ్చిన రాత్రుళ్ళు ఆ మాట తల్చుకునేదాన్ని.

లోటు కూడా చెప్పాలి. ఊళ్ళో దిగాక అడ్రసు నమోదు చేసుకునే ఆఫీసులో మతం అడుగుతారు, ఎవాంగెలిష్ (అంటే ప్రొటెస్టెంట్) అని రాస్తే జీతం నుంచి చర్చి పన్ను కట్ అవుతుంది, మొత్తం జీతం మీద లెక్క కాదు, ఇన్‌కంటాక్స్ ఎంతో దాంట్లో 9 శాతం (బవేరియా, బాడెన్ వుర్టెంబెర్గ్‌లో 8). మొదటి పే స్లిప్ చూసి కంగారుపడ్డాను, ఇది క్లాసులోనే చెప్పాలి మేడమ్. అలాగే క్లాసంతా మీరు అనే జీ తోనే నడుస్తుంది, చర్చిలో పెద్దవాళ్ళు కూడా రెండో వారానికే నువ్వు అనమంటారు, డెబ్బై ఏళ్ళావిడని డు అనడానికి నాకు నెలలు పట్టింది. ఇంకా అక్కడ మనలా అందరూ గొంతెత్తి ప్రార్థించరు, నెత్తిన చున్నీ ఉండదు, మౌనంగా ఉంటారు, ఆ మౌనాన్ని ముందు ముభావం అనుకుని చాలా బాధపడ్డాను.

నిరుడు నాన్న ఇక్కడ కేజీహెచ్ ఆసుపత్రిలో పోయారు, నేను అందుకోలేకపోయాను. అక్కడ నవంబర్లో అడ్వెంట్‌కి (క్రిస్మస్‌కి ముందు వచ్చే వారాలు) ముందు ఆదివారం, నిత్యత్వపు ఆదివారం అంటారు, ఆ ఏడు చనిపోయినవాళ్ళ పేర్లు చదివి ఒక్కో పేరుకి ఒక్కో కొవ్వొత్తి వెలిగిస్తారు. మా పాస్టర్ ఆడావిడ, మన దగ్గర పాస్టరమ్మ అంటే పాస్టర్ గారి భార్య, అక్కడ ప్రసంగం చెప్పేదే ఆవిడ. ఫోన్ చేసి మీ నాన్నగారి పేరు కూడా చదువుతాను, ఎలా పలకాలి అన్నారు. నాన్న పేరు జ తో మొదలవుతుంది, ఇంగ్లిష్ జె రాసిస్తే వాళ్ళు య అని చదువుతారు. జంగిల్‌లో జ కోసం వాళ్ళు డి, ఎస్, సి, హెచ్ అని నాలుగు అక్షరాలు రాస్తారని మేడమ్ ఒక శనివారం బోర్డు మీద రాసి చూపించారు. అలాగే రాసి పంపాను. ఆదివారం ఆవిడ చదివారు, జ జ లాగే వచ్చింది, మా అమ్మ పిలిచినట్టు.

బండి పెట్టుకోడానికి చోటు లేదు, ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి నడిచి వెళ్ళిపోవచ్చు. డెమో క్లాసులో శనివారం గంట గురించి మేడమ్ తనంతట తాను చెప్పరు, చర్చికి వెళ్తామని మీరే చెప్పి అడగండి.