రిఫార్మర్ మీద ఫిజియోథెరపీ: నాకు నచ్చింది స్ప్రింగులే

నడుములో ఎల్4-ఎల్5 పూసల మధ్య డిస్కు ఉబ్బి పిక్క దాకా లాగే నొప్పికి ఫిజియోథెరపీతో పాటు రిఫార్మర్ పిలాటిస్ (స్ప్రింగులు బిగించిన జారే బల్ల ఉన్న మెషిన్ మీద చేసే వ్యాయామాలు) కూడా చాలాకాలంగా చేస్తున్నాను. కోర్ బలపడుతుంది, భంగిమ బాగవుతుంది అన్నవి అందరూ చెప్పేవే, వాటి జోలికి పోను. ఈ రెండూ కలిపి చేయడం దేనికి అని అడిగితే మాత్రం, స్ప్రింగుల కోసం అంటాను.

నిలబడి గుంజీ తీస్తే ఒంటి బరువు నడుము మీదుగానే కిందికి దిగుతుంది. రిఫార్మర్ మీద వెల్లకిలా పడుకుని, మడమలు ఫుట్‌బార్‌కి (పాదాల వైపు ఉండే కడ్డీకి) ఆనించి క్యారేజ్‌ని, అంటే ఆ జారే బల్లని తోస్తే కాళ్లకి అదే పని పడుతుంది, వెన్నుపూసల మీద ఆ బరువు పడదు. ఎంత భారం కావాలో కొక్కెం తగిలించి తేల్చుకోవచ్చు. బ్యాలెన్స్‌డ్ బాడీ కంపెనీ మెషిన్లలో ఎరుపు పూర్తి స్ప్రింగు, నీలం సగం, పసుపు పావు. నొప్పి ఎక్కువున్న రోజు రెండు ఎరుపులు, తగ్గాక వాటికి ఒక నీలం, ఆ తర్వాత మూడు ఎరుపులు. "కొంచెం పెంచండి" అని ఫిజియో అన్నప్పుడు ఆ కొంచెం ఎంతో ఇక్కడ కళ్లకి కనిపిస్తుంది. కంపెనీ మారితే రంగుల అర్థం మారుతుంది కాబట్టి నోట్‌బుక్‌లో రంగు రాసుకోకండి, పూర్తి, సగం, పావు అనే రాసుకోండి. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో బ్రిటిష్ వాళ్ల నిర్బంధంలో ఉన్న జోసెఫ్ పిలాటిస్, ఈ పద్ధతిని రూపొందించినాయన, లేవలేని రోగుల మంచాలకి స్ప్రింగులు బిగించి కసరత్తు చేయించాడని చెబుతారు. మెషిన్ తీరు చూస్తే నమ్మబుద్ధేస్తుంది.

అసలు ఆశ్చర్యం బ్రిడ్జింగ్‌లో, అంటే వెల్లకిలా పడుకుని పాదాలు ఫుట్‌బార్ మీద ఆనించి నడుము పైకెత్తడంలో ఉంది. స్ప్రింగు తీసేస్తే తేలికవుతుందని అందరూ అనుకుంటారు. పైన చెప్పిన కాళ్లతో తోసే వ్యాయామంలో, అంటే ఫుట్‌వర్క్‌లో అది నిజమే. బ్రిడ్జింగ్‌లో పూర్తిగా తిరగబడుతుంది. బరువైన స్ప్రింగులు క్యారేజ్‌ని లోపలికి లాగి పట్టుకుంటాయి. వాటిని తీసేస్తే అది బయటికి జారిపోబోతుంది, జారకుండా ఆపే పని తొడ వెనక కండరాల మీద పడుతుంది. నొప్పితో ఉన్న మనిషికి జాగ్రత్త అనుకుని ఒక్క స్ప్రింగే వేస్తే తొడ వెనక పట్టేయడం ఖాయం. చేసే తీరు ఇది: ముందు హెడ్‌రెస్ట్ పూర్తిగా కిందికి దించాలి, లేకపోతే నడుము లేచినప్పుడు భారం మెడ మీదికి వస్తుంది. మూడు పూర్తి స్ప్రింగులు వేసి, పాదాలు తుంటి వెడల్పులో పెట్టాలి. డిస్కు నొప్పి ఉన్నవాళ్లు పూసపూసగా చుట్టుకుంటూ లేవకుండా, వీపు నిటారుగా ఉంచి ఊపిరి వదులుతూ ఒకేసారి లేవాలి. క్యారేజ్ అంగుళం కూడా కదలకూడదు. 8 సార్లు చొప్పున రెండు సెట్లు చాలు. తొడ పట్టేస్తే ఒక స్ప్రింగు పెంచండి. నడుములో తెలిస్తే ఎత్తు తగ్గించి, పక్కటెముకలు పైకి పొంగకుండా చూసుకోండి. మూడుతో పట్టు దొరికాకే రెండుకి దిగాలి.

కాళ్లు స్ట్రాపుల్లో పెట్టే వ్యాయామాల్లోనూ ఇదే చిక్కు. స్ప్రింగు మరీ తేలికైతే కాళ్ల బరువుకి కటి వంగి నడుము లేస్తుంది. ఒక పూర్తి, ఒక సగం సరిపోతుంది. మోకాళ్లు పూర్తిగా చాపితే సయాటిక్ నరం లాగుతుంది కనుక మొదట్లో కొద్దిగా మడిచే ఉంచాలి.

ఇంత మెచ్చుకున్నాను కానీ, ఇదంతా ఒక్కరికే దగ్గరుండి చేయించే సెషన్ల మాట. గ్రూప్ క్లాసులో అందరికీ ఒకే స్ప్రింగు చెబుతారు, పైగా తల ఎత్తి చేతులు ఆడించే హండ్రెడ్, పడుకుని చుట్టుకుంటూ లేచే రోల్‌అప్, బంతిలా దొర్లడం అన్నీ వరసగా వచ్చేస్తాయి. మూడింట్లోనూ వెన్ను ముందుకి వంగుతుంది. డిస్కు ఇంకా మంట మీదున్నప్పుడు అవి వద్దు. హండ్రెడ్ చేయాలనుంటే తల కిందే, పాదాలు నేల మీదే ఉంచి చేతి కదలికలు మాత్రం చేయొచ్చు. ఫిజియో దగ్గర మూడు విషయాలు కాగితం మీద రాయించుకుని ఇన్‌స్ట్రక్టర్‌కి ఇవ్వండి: ఏ వంపు వద్దు, స్ప్రింగులు ఎన్ని నుంచి ఎన్ని, ఎక్కడ ఆపాలి. నా లెక్కలో ఆపాల్సిన గుర్తు నొప్పి కిందికి పాకడం. పిక్కలోది పిరుదుకి, పిరుదులోది నడుముకి వస్తుంటే, నడుము కాస్త ఎక్కువ నొప్పెట్టినా అది మంచి సూచనే. పాదం వైపు దిగినా, పెరిగిన నొప్పి మర్నాటికీ తగ్గకపోయినా మోతాదు ఎక్కువైనట్టు. మలమూత్రాల మీద అదుపు తప్పినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, పాదం పైకి లేవకపోయినా వ్యాయామం ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఇంకొక లోటు ఉంది. పడుకుని తోసిన బలం నిలబడి బరువెత్తడానికి దానంతటదే రాదు. 20 లీటర్ల వాటర్ క్యాన్, దాదాపు 30 కిలోల నిండు సిలిండర్ ఇంట్లో ఎత్తేవాళ్లకి తుంటి దగ్గర వంగడం విడిగా నేర్పాలి. తల, వీపు, త్రికం (నడుము కింది ఎముక) మూడింటికీ కర్ర తగిలేలా పట్టుకుని వంగడంతో మొదలుపెట్టి, 5 కిలోల కెటిల్‌బెల్ (పిడి ఉన్న ఇనుప బరువు) నుంచి మెల్లగా పెంచుకుంటూ పోవాలి. వైద్య పరిశోధనల్ని కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2015 నాటి సమీక్ష కూడా నడుంనొప్పికి పిలాటిస్ ఇతర వ్యాయామాల కంటే మేలని తేల్చలేదు.

నాకు కూర్చుని చేసే ఉద్యోగం, పక్కనే ఫిజియో ఉన్న స్టూడియో, రెండింటికీ ఖర్చు పెట్టగల వీలు ఉన్నాయి, అందుకే కొనసాగిస్తున్నాను. అవి లేనివాళ్లు ఫిజియో పర్యవేక్షణలో థెరాబ్యాండ్ (సాగే రబ్బరు పట్టీ) పసుపుతో మొదలుపెట్టి ఎరుపు, ఆకుపచ్చ, నీలం వరకు పెంచుకోవచ్చు. పాదానికి చుట్టి తోస్తే ఫుట్‌వర్క్ పని చాలావరకు అయిపోతుంది. బ్రిడ్జింగ్‌లో ఆ జారే క్యారేజ్ నేర్పే పట్టు మాత్రం బ్యాండ్‌తో రాదు.