మార్చిన జిప్సీలో పెట్రోల్ వాసన: ఆర్9 పైపు, చార్‌కోల్ కానిస్టర్ ఎండాకాలాలు దాటాక ఎలా ఉన్నాయి

కార్బ్యురేటర్ మారుతి జిప్సీకి ఎంపీఎఫ్ఐ ఇంజన్ (ఇంజెక్టర్లతో పెట్రోల్ చిమ్మే రకం) ఎక్కించిన బండ్లు వరంగల్ చుట్టుపక్కల బాగానే కనిపిస్తాయి. పికప్ బాగుంటుంది, చలికాలం పొద్దున ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటుంది. కానీ చాలా బండ్లలో తలుపు తీయగానే పెట్రోల్ వాసన గుప్పుమంటుంది. నేను కొన్నది కూడా అప్పటికే మార్చిన బండి. హన్మకొండ నుంచి ములుగు దాటేలోపే వెనక సీట్లో అమ్మకు తలనొప్పి వచ్చేది, పిల్లలకు వాంతులయ్యేవి. దిగాక కూడా బట్టల్లో ఆ వాసనే. దాన్ని పోగొట్టడానికి ఆవిరిని చాలా తక్కువగా వదిలే ఆర్9 రకం పెట్రోల్ పైపు, ట్యాంకు ఆవిరిని పీల్చుకునే బొగ్గు డబ్బా అంటే చార్‌కోల్ కానిస్టర్ వేయించాను. ట్యాంకుకూ ఇంజన్‌కూ మధ్య పెట్రోల్ నిలవుండే చిన్న డబ్బాను, అంటే సర్జ్ ట్యాంకును, బండి లోపలి నుంచి బయటికి మార్పించాను. ఎండలు, వానలు, మేడారం దారి దుమ్ము అన్నీ చూశాకే ఇది రాస్తున్నాను.

పైపుకు పూర్తి మార్కులు వేస్తాను. కానిస్టర్‌ను పద్ధతిగా కలిపితేనే మార్కులు. సర్జ్ ట్యాంకు బండి లోపలే ఉంటే మాత్రం మిగతావాటికి పెట్టే డబ్బు దండగ.

చూపించిన ప్రతిచోటా ఒకటే మాట: "లీకేజీ ఏడ లేదన్నా, పాత బండ్లకు గిట్లనే వాసనొస్తది." మొదటి సగం నిజమే. జాయింట్లన్నీ పొడిగా ఉన్నాయి, తెల్ల కాగితంతో తుడిచినా తడి అంటలేదు. మరి వాసన ఎక్కడిది? పైపు గోడలోంచే. మామూలు రబ్బరు పైపు లోపల పెట్రోల్ నిలబడి ఉంటే అది ఆవిరిగా మారి రబ్బరులోంచి బయటికి వస్తూనే ఉంటుంది. దీన్ని పట్టుకోవడానికి మిషన్లేమీ అక్కర్లేదు. ఉతికిన పాత గుడ్డను తడిపి పిండి, రాత్రి పైపు చుట్టూ చుట్టి వదిలేయండి. తెల్లారాక గుడ్డను ఇంటి బయటికి తీసుకెళ్లి వాసన చూడండి. పెట్రోల్ వాసన కొడితే ఆ పైపు మార్చాల్సిందే. నా బండిలో ట్యాంకు నుంచి ఇంజన్ దాకా వేసిన పైపు ఎక్కడ చుట్టినా అదే వాసన.

ఇక్కడ కాస్త లెక్క చూడాలి, ఎందుకంటే కొట్లో ఇచ్చే పైపులన్నీ బయటికి నల్లగా ఒకేలా ఉంటాయి. అమెరికాలోని ఆటోమొబైల్ ఇంజినీర్ల సంస్థ ఎస్ఏఈ పెట్టిన జె30 అనే పైపుల ప్రమాణంలో ఆర్7 అనేది కార్బ్యురేటర్ బండ్లకు వాడే రకం. దాని గోడలోంచి రోజుకు చదరపు మీటరుకు 550 గ్రాముల దాకా పెట్రోల్ బయటికి పోయినా ప్రమాణం ఒప్పుకుంటుంది. ఆర్9 రకానికి ఆ పరిమితి 15 గ్రాములే. 8 మిల్లీమీటర్ల పైపు నాలుగు మీటర్లు వేస్తే లోపలి వైశాల్యం చదరపు మీటరులో సుమారు పదో వంతు. ఆ లెక్కన ఆర్7 పైపు రోజుకు 55 గ్రాముల వరకు వదలొచ్చు, అంటే 70 మిల్లీలీటర్ల పైచిలుకు. ఆర్9 అయితే ఒకటిన్నర గ్రాము. మిగిలిన పెట్రోల్‌ను ఇంజన్ నుంచి వెనక్కి తెచ్చే రిటర్న్ పైపును కూడా కలుపుకుంటే రెండింతలు. ఇది ప్రయోగశాలలో పెట్టిన గరిష్ఠ పరిమితే గానీ మీ బండిలో కచ్చితంగా అంతే పోతుందని కాదు. అయినా ఒక చుక్క కారకుండా బండంతా ఎందుకు కంపు కొడుతుందో దీంతో అర్థమవుతుంది.

ఆర్9 లోపలి పొర ఫ్లోరో రబ్బరు. ఇప్పుడు బంకుల్లో వస్తున్న 20 శాతం ఇథనాల్ పెట్రోల్‌కు అది తట్టుకుంటుంది. పాత నైట్రైల్ పైపులు ఈ పెట్రోల్‌కు ఉబ్బుతాయి, తర్వాత గట్టిపడి పగులుతాయి. పైగా ఇంజెక్షన్ బండిలో పెట్రోల్ ఒత్తిడి సుమారు 3 బార్. కార్బ్యురేటర్‌కు అందులో పదో వంతు చాలు. తక్కువ ఒత్తిడికి చేసిన పైపును ఇంజెక్షన్ లైనులో పెట్టడం వాసనతో ఆగే విషయం కాదు, నిప్పు విషయం. కంపెనీ పేరు కంటే పైపు మీద అచ్చేసిన ఆర్9 అన్న గుర్తు, తయారైన సంవత్సరం చూడండి. గుర్తు లేని పైపు ఎంత చవకగా ఇచ్చినా వద్దు.

పైపులో నచ్చనివీ ఉన్నాయి. ధర మామూలు పైపుకు ఎన్నో రెట్లు. గట్టిగా ఉంటుంది, ఇరుకు మలుపుల్లో మడతపడి పెట్రోల్‌ను ఆపేస్తుంది. అందుకే పొడవంతా ఇదే వేయొద్దు. ఛాసిస్ వెంట పోయే భాగానికి స్టీలు పైపు వంచి వేయించి, కదిలే చోట్ల మాత్రమే ఆర్9 ముక్కలు పెట్టించాను. ఖర్చు తగ్గింది. రబ్బరు ఎంత తక్కువుంటే వాసన కూడా అంత తక్కువ. స్టీలు పైపు చివర చిన్న ఉబ్బు చేయించాలి, లేకపోతే ఒత్తిడికి రబ్బరు జారిపోతుంది. క్లిప్పులు కూడా అంచు మడిచినవి తీసుకోవాలి. గాట్లున్న మామూలు క్లిప్పు బిగిస్తే పైపు పైపొరను కోసేస్తుంది. ఎండాకాలాలు గడిచాక కూడా నా పైపులు మెత్తగానే ఉన్నాయి, గుడ్డకు వాసన అంటడం లేదు.

ఇక సర్జ్ ట్యాంకు. జిప్సీ పాత ట్యాంకులో ఇంజెక్షన్ పంపుకు చోటు లేదని, మలుపుల్లో పంపు గాలి పీల్చకుండా ఉండేందుకు మధ్యలో ఒక చిన్న డబ్బా పెడతారు. పని సులువని దాన్ని వెనక సీటు కిందో, చక్రం గూడు మీదో బిగిస్తారు. దీనికి నేను గట్టిగా వ్యతిరేకం. ఇంజన్ వాడుకోగా మిగిలిన పెట్రోల్, ఇంజెక్టర్లకు పెట్రోల్ పంచే వేడి గొట్టం (ఫ్యూయల్ రైల్) లోంచి తిరిగి ఈ డబ్బాలోకే వస్తుంది. మే నెలలో రామగుండం వైపు 44 డిగ్రీల ఎండలో గంట నడిపితే డబ్బా చేతికి కాలేంత వేడెక్కుతుంది. అంత వేడి పెట్రోల్, దాని చుట్టూ అరడజను జాయింట్లు, పక్కనే మనుషులు. పెట్రోల్ ఆవిరి గాలికంటే మూడు నాలుగు రెట్లు బరువు, కాబట్టి పైకి పోకుండా బండి నేల మీదే పేరుకుంటుంది. గాలిలో 1.4 శాతం చేరితే చాలు, ఒక్క నిప్పురవ్వకు అంటుకుంటుంది. డబ్బాను ఛాసిస్ పక్కకు దింపించి రాళ్లు తగలకుండా రేకు కట్టించాక, ఆ ఒక్క పనితోనే అమ్మ తలనొప్పి చాలావరకు తగ్గింది. మీ దగ్గర ఒక్క పనికే డబ్బులున్నాయనుకుంటే ముందు ఇదే చేయించండి.

చార్‌కోల్ కానిస్టర్ గురించి తప్పుడు సలహాలు ఎక్కువ. ట్యాంకులోని ఆవిరి బయటికి పోయే బ్రీతర్ పైపును తెచ్చి కానిస్టర్‌కు తగిలించి వదిలేస్తారు. బొగ్గు కొన్ని వారాలు వాసన పీల్చుకుంటుంది, నిండాక మళ్లీ మొదటికే వస్తుంది. అప్పుడు కానిస్టర్ పనికిరాదని తీసి పారేస్తారు. అసలు అది ఖాళీ అయితేనే పనిచేసే వస్తువు. ఇంజన్ నడుస్తున్నప్పుడు కానిస్టర్‌కూ ఇంజన్‌కూ మధ్య ఉండే పర్జ్ వాల్వ్ తెరుచుకుని, బయటి గాలితో పాటు బొగ్గులోని ఆవిరిని ఇంజన్ లాగేసుకుని కాల్చేయాలి. నా బండిలో ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) వైరింగ్‌లో పర్జ్ వాల్వ్ వైరు ఉంది గానీ, బండి మార్చినవాళ్లు దాన్ని కత్తిరించి టేపు చుట్టారు. ఆ వైరు వెతికి కలిపిన ఎలక్ట్రీషియన్ తమ్ముడికి ఎన్ని థాంక్స్ చెప్పినా తక్కువే. మారుతి ఎంపీఎఫ్ఐ కార్ల కానిస్టర్ దీనికి సరిపోయింది. ఇంజన్ దగ్గర ఎత్తుగా బిగించి, గాలి పీల్చే పైపును కిందికి తిప్పించాను. తాడ్వాయి అడవి దారుల్లో వాగులు దాటినా ఇంతవరకు నీళ్లు చేరలేదు. బండి బోల్తా పడితే పెట్రోల్ కారకుండా బ్రీతర్‌లో రోల్‌ఓవర్ వాల్వ్ కూడా ఉండాలి.

కానిస్టర్ చెడిపోయేది ఎక్కువగా బంకులోనే. గన్ను కట్ అయ్యాక కూడా రౌండ్ ఫిగర్ కోసం గొంతు దాకా కొట్టిస్తే పెట్రోలే బొగ్గులోకి పోతుంది, ఇక బొగ్గు పని అయిపోయినట్టే. "కట్ కాంగనే ఆపెయ్ తమ్మీ" అని ముందే చెప్పండి.

వీటి తర్వాత కూడా నాకు ఒక ఫిర్యాదు మిగిలింది. ట్యాంకు నిండుగా ఉండి, బండి ఎండలో వాలుగా ఆగితే వెనక కుడివైపు సన్నగా వాసన వస్తుంది. ట్యాంకు నిండినప్పుడే వచ్చే వాసన అంటే ఫిల్లర్ గొంతు రబ్బరు గానీ, ట్యాంకు మీద పెట్రోల్ ఎంతుందో చూపే గేజ్ యూనిట్ కింద ఉండే వాషర్ గానీ అయి ఉంటుంది. వాషర్ మార్చాక సగం తగ్గింది. లావుపాటి ఆ గొంతు రబ్బరు ఆర్9 రకంలో దొరకడం కష్టంగా ఉంది, దొరికేదాకా ట్యాంకు ముప్పావు వంతే నింపుతున్నాను.

సెంట్లు, కర్పూరం, బొగ్గు సంచులు బండిలో వేలాడదీయడం మాత్రం దయచేసి మానేయండి. వాసనే మనకున్న హెచ్చరిక, దాన్ని కప్పేస్తే రేపు నిజంగా పైపు తెగినా తెలియదు. ఇంకొకటి, మీ బండిలో పెట్రోల్ పంపుకు కరెంటు ఎక్కడినుంచి వస్తుందో ఒకసారి చూపించండి. తాళం తిప్పి ఇంజన్ స్టార్ట్ చేయకుండా ఉంచితే రెండు మూడు సెకన్లలో పంపు శబ్దం ఆగిపోవాలి. ఆగకుండా తిరుగుతూనే ఉంటే దాన్ని తాళానికి నేరుగా కలిపారని అర్థం. యాక్సిడెంట్‌లో ఇంజన్ ఆగినా అది పెట్రోల్ చిమ్ముతూనే ఉంటుంది. ఈసీయూ నడిపే రిలే ద్వారా కలిపించుకోవడానికి పెద్ద ఖర్చు కాదు, పైపుల పని జరిగేటప్పుడే అదీ చేయించేయండి.