ఆరేళ్లుగా రైటర్‌లో తెలుగు కొడుతున్నా: అక్షరాల మధ్య సందుల సంగతి

కావలిలో మాది చిన్న డీటీపీ, జిరాక్సు షాపు. అర్జీలు, కాలేజీ రికార్డులు, పెళ్లికార్డులు అన్నీ ఆరేళ్ల నుంచి లిబ్రేఆఫీస్ రైటర్‌లోనే (వర్డ్ లాంటిదే, ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్) కొడుతున్నా, అంతకు ముందు వర్డ్‌లో కొట్టేదాన్ని. రెండిట్లోనూ నన్ను సతాయించింది ఒకటే, తెరమీద అక్షరాల మధ్య సందు. 'వెంకటేశ్వర్లు' అని కొడితే 'వెంక' ఒకచోట, 'టేశ్వర్లు' ఒకచోట ఉన్నట్టు కనపడేది. "అక్కా, మా నాయన పేరు రెండు ముక్కలైంది చూడు" అనేవాళ్లు, నాకేమో టెన్షన్.

మొదట్లో అది నిజమనుకుని, ఆ పేరు సెలెక్ట్ చేసి క్యారెక్టర్ స్పేసింగ్ తగ్గించేదాన్ని. ఒక పెళ్లికార్డు అలాగే సర్ది, తెరమీద ముచ్చటగా ఉందని 150 కార్డులు తీసేశా. కాగితం మీద చూస్తే వత్తులు ఒకదాని మీద ఒకటి ఎక్కి 'లక్ష్మీప్రసన్న' చదవడానికే రాలేదు. ఆ ఖర్చంతా నేనే పెట్టుకుని సాయంత్రానికి మళ్లీ తీసిచ్చా.

తర్వాత కూర్చుని లెక్క వేసుకుంటే అర్థమైంది. అక్షరం సైజు 12 పాయింట్లంటే అంగుళంలో ఆరో వంతు. విండోస్ మామూలుగా అంగుళానికి 96 చుక్కల లెక్కన గీస్తుంది కాబట్టి అందులో దక్కేవి 16 చుక్కలే, అదే 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు) లేజర్ ప్రింటర్‌లో అయితే 100. అక్షరం వెడల్పు ఏడున్నర చుక్కలు వస్తే దాన్ని ఏడుకో ఎనిమిదికో సర్దాలి, కానీ లైను పొడవు మాత్రం కాగితం లెక్కకే సరిపోవాలి, లేకపోతే తెరమీద ఒక మాట దగ్గర, ప్రింటులో ఇంకో మాట దగ్గర లైను తెగుతుంది. ఆ మిగిలిన తేడాని సాఫ్ట్‌వేర్ ఎక్కడో ఒకచోట తోస్తుంది, మనకి కనపడే సందు అదే.

అనుమానం వస్తే జూమ్ 200 పెట్టి చూడండి. సందు పోయినా, పక్క అక్షరానికి జరిగినా, ఫైలుని ముట్టుకోవద్దు. అక్కడే నిలబడి ఉంటే ఫాంటు మార్చండి. నాకు మామూలు మేటరుకి మండలి ఫాంటు, హెడ్డింగుకి రామభద్ర ఫాంటు బాగా కుదిరాయి. పెయిర్ కెర్నింగ్ (పక్కపక్క అక్షరాల జతల మధ్య ఎడం సర్దే ఆప్షన్) టిక్కు తీయొద్దు.

రైటర్‌లో నాకు బాగా నచ్చింది వత్తుల కూర్పు. 2017లో వచ్చిన 5.3 వెర్షన్ నుంచి అన్ని సిస్టమ్‌లలోనూ హార్ఫ్‌బజ్ (అక్షరాలు, వత్తులు కూర్చే ప్రోగ్రాం) వాడుతోంది కాబట్టి, ఒకే ఫాంటు ఉంటే షాపులో విండోస్‌లో కొట్టింది ఇంట్లో లినక్స్ లాప్‌టాప్‌లోనూ అలాగే తెరుచుకుంటుంది.

పెళ్లికార్డుకి వచ్చినవాళ్లకి ఇప్పుడు తెర చూపించడం మానేశా. ఒక ప్రింటు తీసి చేతికిస్తా, పేర్లు వేలు పెట్టి చదువుకుంటారు.