బెడ్ దగ్గర ఓవర్: కర్నూలు ఐసీయూలో నాలుగేళ్ల డ్యూటీ తర్వాత

పెద్ద కార్పొరేట్ ఆస్పత్రిలో స్టాఫ్ నర్సు ఉద్యోగం ఎలా ఉంటుందో కర్నూల్లో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. జీతం ఎంతొస్తుందో, పీఎఫ్ ఎంత పోతుందో, జీతం 21,000 దాటితే ఈఎస్ఐ సంగతేమిటో జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) చివరి ఏడాది పిల్లలకే కంఠతా వచ్చు. అవన్నీ పక్కన పెడుతున్నాను. ఈ ఐసీయూలో నేను నాలుగేళ్లు నిలబడటానికి ఒకటే కారణం, ఓవర్. అంటే డ్యూటీ మారేటప్పుడు పోయే సిస్టర్ రోగిని వచ్చే సిస్టర్ చేతికి అప్పగించడం. ఇక్కడ ఓవర్ బెడ్ దగ్గర ఇస్తారు, బెడ్ దగ్గరే తీసుకుంటారు. ఇంత చిన్న విషయమా అనుకునేవాళ్లు ఉంటారు. నర్సింగ్ స్టేషన్‌లో కుర్చీలో కూర్చుని కేస్ షీట్లు తిప్పుతూ ఓవర్ తీసుకుని, పావుగంట తర్వాత బెడ్ దగ్గరికెళ్లి అక్కడున్నది వేరేలా కనిపించి గుండె జారినవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

డ్యూటీలు అన్నిచోట్లా ఉన్నవే: ఉదయం 8 నుంచి 2, మధ్యాహ్నం 2 నుంచి రాత్రి 8, రాత్రి 8 నుంచి ఉదయం 8. అంటే రోగి రోజుకు మూడుసార్లు చేతులు మారతాడు. పోయే సిస్టర్, వచ్చే సిస్టర్ బెడ్‌కు చెరోవైపు నిలబడాలి. ముందు చేతి బ్యాండ్ మీది పేరు, నంబరు పైకి చదవాలి. తర్వాత జబ్బేమిటి, ఎన్నో రోజు, ఈ డ్యూటీలో ఏం మారింది, ఇంకా ఏం మిగిలింది. ఈ వరుసను ఎస్‌బీఏఆర్ అంటారు. అమెరికా నౌకాదళం జలాంతర్గాముల్లో వాడిన పద్ధతి ఇది. అక్కడి ఆరోగ్య సంస్థ కైజర్ పర్మనెంటే దీన్ని ఆస్పత్రి పనికి మలిచింది, అక్కడి నుంచి చాలా దేశాలకు పాకింది. పేరు ఇంగ్లీషుదే అయినా మన వార్డుల్లో దాన్ని చెప్పేది తెలుగులోనే.

చెప్పడం అయ్యాక చెయ్యి పెట్టి చూడాలి. అసలు పని అక్కడే మొదలవుతుంది. వెంటిలేటర్ ట్యూబు పెదవి దగ్గర ఎన్ని సెంటీమీటర్ల గీత మీద కట్టి ఉంది, చార్టులో రాసిన అంకె అదేనా? ఆ ట్యూబును లోపల పట్టి ఉంచే గాలిబుడగ ఒత్తిడి, అంటే కఫ్ ప్రెషర్, 20, 30 మధ్య ఉందా? నరంలో పెట్టిన సన్నని గొట్టం, అంటే కాన్యులా, ఏ తేదీది, చుట్టూ ఎరుపు గానీ గట్టితనం గానీ ఉందా? యూరోబ్యాగ్ (మూత్రం సంచి) ఖాళీ చేసి, ఎన్ని మి.లీ. అన్నది ఇద్దరూ చూసి రాయాలి. 60 కిలోల మనిషికి గంటకు 30 మి.లీ. కంటే తగ్గుతోందంటే డ్యూటీ డాక్టర్‌కు చెప్పాల్సింది పోయే సిస్టరే. చివర్లో రోగిని పక్కకు తిప్పి నడుము కింది భాగం చూడాలి. అందరూ ఎగ్గొట్టేది ఈ చివరి పనే. వీపు చూడకుండా ఓవర్ తీసుకుంటే మధ్యాహ్నం కనిపించిన పుండు ఎవరి డ్యూటీలో మొదలైందో తేలదు. తేలదు కాబట్టి అందరూ చార్టులో 'చర్మం బాగుంది' అనే రాస్తారు.

సిరంజిలోని మందును కొద్దికొద్దిగా ఎక్కించే పంపుల దగ్గర ఇంకో నియమం ఉంది. సిరంజి నుంచి రోగి దాకా లైను వేళ్లతో పట్టుకుని వెతుక్కుంటూ పోవాలి. నాలుగు పంపులున్న బెడ్ దగ్గర ఏ లైను ఎటు పోతోందో కంటితో చూస్తే తేలదు. ఇన్సులిన్ ఉంటే సిరంజి మూత రంగు కూడా చూడాలి. మన దగ్గర ఇన్సులిన్ వయల్స్ (చిన్న సీసాలు) చాలావరకు మి.లీ.కి 40 యూనిట్లవి, వాటికి ఎర్ర మూత సిరంజి. నారింజ మూతది 100 యూనిట్లది. 40 యూనిట్ల వయల్ నుంచి 100 యూనిట్ల సిరంజిలో 40 గీత దాకా లాగితే వచ్చేది 0.4 మి.లీ., అంటే 16 యూనిట్లే. షుగర్ ఎందుకు దిగట్లేదో అర్థం కాక డోసు పెంచుతారు. తర్వాతి డ్యూటీలో సరైన సిరంజి చేతికొస్తే అదే పెంచిన డోసు పూర్తిగా ఒంట్లోకి పోతుంది.

కర్నూలుకు పడమటి నుంచి, అంటే ఆదోని, ఆలూరు, పత్తికొండ వైపు నుంచి పురుగుమందు కేసులు, పాముకాటు కేసులు వస్తాయి. బెడ్ ఓవర్ విలువ వీటి దగ్గర బాగా తెలుస్తుంది. పురుగుమందు కేసులో విరుగుడుగా ఇచ్చే అట్రోపిన్ ఎంత పోతోందో రాసి ఉన్నంత మాత్రాన చాలదు. కంటిపాప ఎంత ఉంది, ఊపిరితిత్తుల్లో గరగర తగ్గిందా, చెమట ఆగిందా అన్నది ఇద్దరూ ఒకేసారి చూడాలి. లేకపోతే రెండు గంటల తర్వాత పెరిగిందో తగ్గిందో దేనితో పోల్చి చెప్తారు? పాముకాటులో రక్తం గడ్డకట్టే పరీక్ష మళ్లీ ఎన్ని గంటలకు చేయాలో గడియారం టైముతో చెప్పాలి, 'ఆరు గంటల తర్వాత' అంటే చాలదు. 2 మి.లీ. రక్తం, పొడి గాజు ట్యూబు, 20 నిమిషాలు కదపకూడదు. సబ్బుపొడితో కడిగిన ట్యూబు వాడితే మంచి రక్తం కూడా గడ్డకట్టకపోవచ్చు. అందుకే ఆ కొత్త ట్యూబును కూడా ఓవర్‌లోనే చేతికిస్తారు. ఈ అలవాటును ఇంకే ఆస్పత్రిలోనూ చూడలేదు.

మొదటి ఏడాది అయ్యాక ఎవరైనా అడిగితే ఈ ఓవర్‌కు పూర్తి మార్కులు వేసేదాన్ని. రెండో ఏడాది చివర్లో కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది.

సాఫ్ట్‌వేర్‌లో ఓవర్ పేజీ బాగానే ఉండేది, కానీ అందులో ఒక బటన్ పెట్టారు: ముందు డ్యూటీ నోటును కాపీ చేసేది. దానికి తోడు 8:10 లోపు నోటు పూర్తి కాకపోతే ఇన్‌ఛార్జ్ సిస్టర్ స్క్రీన్ మీద ఆ బెడ్ ఎర్రగా మారేది. ఇక చెప్పేదేముంది? 7:30 నుంచే అందరూ కంప్యూటర్ ముందు చేరారు. పాత నోటు కాపీ చేయడం, బీపీ, పల్స్ మార్చడం, సేవ్ చేయడం. వచ్చిన సిస్టర్ స్టేషన్‌లోనే చదువుకోవడం. బెడ్ ఓవర్ వద్దని ఎవరూ అనలేదు, నెల తిరిగేసరికి అదే మాయమైంది.

దెబ్బ నార్‌అడ్రినలిన్ అనే బీపీ నిలబెట్టే మందు దగ్గర తగిలింది. ఇన్ఫెక్షన్‌తో బీపీ పడిపోయిన రోగికి సాయంత్రం డ్యూటీలో 50 మి.లీ.లో 4 మి.గ్రా. కలిపి మొదలుపెట్టారు. రాత్రి రేటు పెరుగుతూ పోయి గంటకు 16 మి.లీ.కి చేరింది. ఉదయం 4 గంటలకు డాక్టర్ డబుల్ స్ట్రెంత్ చేయమన్నారు: 50 మి.లీ.లో 8 మి.గ్రా., రేటు గంటకు 8. మందు అంతే పోతుంది, నీళ్లు సగమవుతాయి. ఆర్డర్ రాశారు, సిరంజి మార్చారు, లేబుల్ సరిగ్గానే వేశారు. కాపీ అయిన ఓవర్ నోటులో మాత్రం '4 మి.గ్రా.' అలాగే ఉండిపోయింది. రేటు గడిలో 8 అని మార్చారు. గంటకు 8 చొప్పున 50 మి.లీ. సిరంజి ఆరుంబావు గంటలు వస్తుంది, అంటే 10:15కు ఖాళీ. ఉదయం సిస్టర్ నోటు చూసి 4 మి.గ్రా.తో కొత్త సిరంజి కలిపి అదే 8 రేటు మీద పెట్టింది. రోగికి పోయే మందు ఒక్కసారిగా సగమైంది.

పది నిమిషాల్లో బీపీ జారడం మొదలైంది. జబ్బు ముదిరిందనుకుని ముందు సెలైన్ పెట్టారు, తర్వాత రేటు పెంచారు. 'ఇప్పుడున్న స్ట్రెంత్ ఎంత?' అని ఎవరో అడిగి పాత సిరంజి చెత్తడబ్బాలోంచి తీసేసరికి ఇరవై నిమిషాలు దాటింది. రోగి కోలుకున్నాడు. ఉదయం 8 గంటలకు ఇద్దరూ ఆ పంపు ముందు నిలబడి ఉంటే లేబుల్ మీద 8 మి.గ్రా. అన్న అక్షరాలు అడుగు దూరంలో ఉండేవి.

పెద్ద ఆస్పత్రుల్లో ఇలాంటప్పుడు జరిగేది అందరికీ తెలుసు: సిస్టర్‌కు మెమో, జీతంలో కోత, నోటీసు బోర్డు మీద ఒక కాగితం. మొదటి రిపోర్టులో 'నిర్లక్ష్యం' అనే రాశారు కూడా. ఇన్‌ఛార్జ్ సిస్టర్ ఒప్పుకోలేదు. ఆ వారం ఓవర్ నోట్లన్నీ బయటికి తీయించింది. మిగతా బెడ్లలోనూ అదే తంతు: తీసేసిన కాన్యులా నోటులో ఇంకా ఉంది, మార్చిన డ్రెస్సింగ్‌కు పాత తేదీ ఉంది. మెమో రద్దయింది. మందులు, లైన్ల గడులకు కాపీ పనిచేయకుండా చేశారు, ప్రతి డ్యూటీకీ ఖాళీగా వచ్చేలా. నోటు మూయాలంటే ఇద్దరు సిస్టర్లూ బెడ్ పక్కనే చక్రాల కంప్యూటర్‌లో లాగిన్ కావాలి. డబుల్ స్ట్రెంత్ సిరంజికి ఎర్ర లేబుల్, అంకె పెద్దగా. సిరంజి మార్చేటప్పుడు పాతదాన్ని పడేయకుండా రెండు లేబుళ్లూ పక్కపక్కన పెట్టి చదవాలి. ఉద్యోగిని తప్పుపట్టకుండా బటన్‌ను తప్పుపట్టిన యాజమాన్యం మీద ఆ రోజు పుట్టిన గౌరవం ఇప్పటికీ ఉంది.

అయితే చక్రాల కంప్యూటర్లు 12 బెడ్లకు రెండే. ఉదయం 8కి రెండింటికీ ఎవరో ఒకరు కాచుకుని ఉంటారు, ఒకదాని బ్యాటరీ అరగంట కూడా నిలబడదు. అందుకే అందరి జేబుల్లో రఫ్ కాగితాలు తిరిగొచ్చాయి. ఒక సిస్టర్‌కు ఇద్దరు రోగులున్నంత వరకు ఓవర్ అరగంటలో అయిపోతుంది. సెలవుల వల్ల ముగ్గురు పడిన రోజు ముప్పావుగంట పడుతుంది, లేదా వీపు తిప్పి చూడటం ఎగిరిపోతుంది. వార్డుల్లో ఇంకో చిక్కు. హెచ్ఐవీ లాంటి విషయాలు పక్కబెడ్ అటెండర్లు వింటుండగా చెప్పకూడదు, 2017 హెచ్ఐవీ చట్టమూ ఒప్పుకోదు. అవి కేస్ షీట్‌లో వేలితో చూపించాలి. కొత్తవాళ్లు ఇది మర్చిపోతారు. అదే అటెండర్ల వల్ల మేలూ ఉంది. 'మా నాయన రాత్రంతా ఒగురుస్తా ఉండాడు సిస్టరమ్మా' అన్న మాట ఏ చార్టులోనూ ఉండదు, బెడ్ దగ్గర నిలబడితేనే చెవిన పడుతుంది.

నా అసలు కోపం టైము మీద. పంచ్ ఇన్ 7:45కి కావాలి, ఓవర్ ఇచ్చి బయటపడేసరికి 8:30. గంట దాటితేనే ఓవర్‌టైమ్ లెక్క. నెలకు 26 డ్యూటీలు, డ్యూటీ ముగిశాక అరగంట చొప్పున 13 గంటలు. రెండు ఉదయం డ్యూటీల కంటే ఎక్కువే, జీతంలో మాత్రం ఎక్కడా కనిపించవు. ఓవర్‌ను ఇంత గొప్పగా పెట్టుకున్న సంస్థ దాన్ని పనిగా లెక్కకట్టకపోవడం న్యాయం కాదు. రెండుసార్లు రాసి ఇచ్చాక నెలకు ఒక కాంపెన్సేటరీ ఆఫ్ (బదులు సెలవు) ఒప్పుకున్నారు. స్టాఫ్ తక్కువైన నెలల్లో అదీ రాదు.

అందుకే అందరికీ చేరమని చెప్పలేను. హాస్టల్లో ఉండేవాళ్లకు, సి.క్యాంప్ లాంటి దగ్గరి చోట ఇల్లున్నవాళ్లకు, ఐసీయూ పని గట్టిగా నేర్చుకోవాలన్నవాళ్లకు ఇది సరైన చోటు. ఇక్కడ రెండేళ్లు చేస్తే ఏ ఐసీయూలోనైనా కాళ్లు వణకవు. డోన్ నుంచో కోడుమూరు నుంచో రోజూ బస్సులో వచ్చేవాళ్లకు, ఇంట్లో చంటిబిడ్డ ఉన్నవాళ్లకు రాత్రి 8 అన్నది 8:40 అయితే చాలా కష్టం. ఇంటి దగ్గర బిడ్డను చూసుకునే అమ్మో అత్తో ఉంటేనే ఇక్కడ నెట్టుకురాగలరు.

ఏ ఆస్పత్రి నుంచి ఇంటర్వ్యూకి పిలుపొచ్చినా, ఒకరోజు ఉదయం 7:50కి ఐసీయూ చూపించమని అడగండి. సిస్టర్లు కంప్యూటర్ల ముందు ఉన్నారా, బెడ్ల పక్కన ఉన్నారా చూడండి. ఎవరైనా రోగిని పక్కకు తిప్పుతూ కనిపిస్తే, జీతం గురించి అప్పుడు మాట్లాడండి.