కోతులకు సోలార్ ఫెన్సింగ్: మూడున్నరేళ్ల తర్వాత

మాది కొండగట్టుకు దగ్గర్లోని ఒక పల్లె. చిన్నప్పుడు గుట్ట మీదికి వెళ్తే కోతులు చేతిలోని కొబ్బరి చిప్ప లాక్కునేవి, మేము నవ్వుకుంటూ దిగొచ్చేవాళ్లం. ఇప్పుడు ఆ గుంపులు ఊళ్లోనే ఉంటున్నాయి. మక్క చేలు పోయాయి, పెరట్లో బీరపాదు, చిక్కుడు పందిరి వేయడం ఎప్పుడో మానేశాం. అదంతా ఓర్చుకున్నాం. 2022 ఎండాకాలంలో డాబా మీద వడియాలు పెడుతున్న అమ్మ మీదికి ఒక గండుకోతి దూకి పిక్క పట్టుకుని కొరికింది. సబ్బు పెట్టి పావుగంట సేపు నల్లా కింద కడిగి ఆసుపత్రికి తీసుకెళ్లాం. గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇంజెక్షన్, తర్వాత 0, 3, 7, 28 రోజుల లెక్కన రేబిస్ టీకాలు. గాయం మానింది. అమ్మ మాత్రం డాబా ఎక్కడం మానేసింది.

దానికి ముందే చాలా చూశాం. కొండెంగ ఫ్లెక్సీ కడితే పది రోజులు భయపడ్డాయి, పదకొండో రోజు దాని మీదే ఎక్కి కూర్చున్నాయి. మనకు వినపడని శబ్దం చేస్తుందని చెప్పి అమ్మిన డబ్బా ఒక్క కోతిని కూడా కదిలించలేదు. నిజం కొండెంగను తెచ్చి కట్టేద్దామని ఒకరన్నారు గానీ, దానికి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది. పట్టి కట్టేస్తే కేసవుతుంది. ప్లాస్టిక్ పైపులో కార్బైడ్ ముక్క, నీళ్లు వేసి పేల్చే గన్ను బాగానే బెదరగొట్టింది. కానీ దయచేసి పిల్లలున్న ఇంట్లో అది పెట్టకండి. పేలలేదని పైపులోకి తొంగి చూస్తే కళ్లు పోతాయి. 2025 దీపావళికి భోపాల్‌లో ఎంతమంది పిల్లల కళ్లు దెబ్బతిన్నాయో వార్తల్లో చూసే ఉంటారు.

చివరికి అమ్మను కోతి కరిచిన ఆ 2022లోనే, డిసెంబరులో సోలార్ ఫెన్సింగ్ వేయించాం. పిట్టగోడకు, ప్రహరీకి కలిపి మాకు 34,000 అయింది. చిన్న సోలార్ పలక, 12 వోల్టుల బ్యాటరీ, కరెంటును దెబ్బలు దెబ్బలుగా వదిలే మిషన్, జింకు పూత వేసిన ఇనుప (జీఐ) తీగలు, ప్లాస్టిక్ ఇన్సులేటర్లు, భూమిలో దిగగొట్టిన ఎర్తింగ్ రాడ్లు, అంతే. సెకనుకు ఒక్కసారి 'టక్' మని కొడుతుంది. వోల్టేజి వేలల్లో ఉన్నా ఆ దెబ్బ కంటిరెప్పపాటు కూడా ఉండదు కాబట్టి చురుక్కుమంటుంది, ప్రాణం తీయదు. మా అక్క కొడుకు ఒకసారి ముట్టుకుని కాసేపు ఏడ్చాడు, అంతకు మించి ఏమీ కాలేదు. స్తంభం మీది కరెంటు నేరుగా తీగకు ఇవ్వడం మాత్రం హత్యతో సమానం. అడవి పందులకని అలా పెట్టిన తీగలకు ఎంతమంది రైతులు బలయ్యారో మన జిల్లాల్లో తెలియని వాళ్లు లేరు.

అసలు విషయానికి వస్తాను. వేసిన రెండు నెలలకు కోతులు మళ్లీ వచ్చాయి. ఒక మధ్యాహ్నం కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. ఒక పిల్లకోతి పిట్టగోడ మీద కూర్చుని తీగను వేళ్లతో పట్టుకుని ఊపుతోంది. మిషన్ టక్ టక్ మంటూనే ఉంది, దానికి ఏమీ కావడం లేదు! నాలుగు రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాక మా ఊరి ఎలక్ట్రీషియన్ తమ్ముడు చెప్పాడు: "అన్నా, గోడ ఎండిపోయి ఉంది. కరెంటు భూమిలోకి పోయే దారి లేదు. షాక్ ఎట్ల కొడుతది?" చేలో తడి నేల మీద నిలబడిన పందికి ఒక్క తీగ చాలు. సిమెంటు గోడ మీద కూర్చునే కోతికి చాలదు. వేసిన వాళ్లు నాలుగు తీగలకూ కరెంటు ఇచ్చి వెళ్లిపోయారు. మేము ఒకటి కరెంటు తీగ, ఒకటి భూమిలోని రాడ్లకు కలిపిన ఎర్త్ తీగ చొప్పున మార్చాం. ఎక్కాలంటే రెండూ పట్టుకోక తప్పదు. మర్నాడు పొద్దున్నే పెద్ద గండుకోతి వచ్చి రెండు తీగలు పట్టుకుని కీచుమని ఎగిరిపడింది. గుంపంతా వేపచెట్టు మీద అరగంట కూర్చుని మా ఇంటినే చూసి వెళ్లిపోయింది. మీరు వేయించుకుంటే డబ్బులిచ్చే ముందే ఈ ఒక్కటి అడగండి.

పని కూడా ఉంటుంది. ఆదివారం ఆదివారం తీగల చుట్టూ తిరుగుతాను. వానాకాలంలో తీగకు ఒక్క పచ్చి కొమ్మ ఆనినా దెబ్బ సగం పడిపోతుంది. ఎండాకాలంలో ఎర్తింగ్ గుంటలో రోజూ రెండు బిందెల నీళ్లు పోయాలి. జామచెట్టు కొమ్మలు గోడకు ఎనిమిది అడుగుల దూరం వరకు కొట్టించాం, అమ్మ బాధపడింది. బ్యాటరీ రెండున్నరేళ్లకు పోయింది. కేబుల్ వైర్ల మీద నడిచొచ్చి పైనుంచి దూకేవాటికి ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు, నెలకు ఒకటి రెండు వస్తుంటాయి.

ఇంకో బాధ ఉంది. మా ఇంటికి రానివి ఎదురింటికి వెళ్లాయి. "మా మీదికి తోలినవు గదా బిడ్డా" అని ఎదురింటి పెద్దమ్మ అన్నప్పుడు తలెత్తలేకపోయాను. ఆమె మాటలో తప్పులేదు. ఆ మిషన్ కిలోమీటర్ల పొడవు తీగను నడపగలదు, నేను ఒక్క ఇంటికే వాడుకున్నాను. నిరుడు మూడిళ్లకు కలిపి తీగలు లాగాం, తీగల ఖర్చు పంచుకున్నాం. మొదటే అలా చేయాల్సింది. నిర్మల్‌లో 2020లో మొదలైన కోతుల పునరావాస కేంద్రంలో లాగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు పెద్ద ఎత్తున జరిగితే తప్ప కోతుల సంఖ్య తగ్గదని నా నమ్మకం. పట్టుకెళ్లి ఇంకో ఊరి పొలిమేరలో వదలడం వల్ల ఏమీ తీరదు.

ఐదుకు నాలుగు ఇస్తాను. ఈ ఏప్రిల్‌లో అమ్మ డాబా ఎక్కి సగ్గుబియ్యం వడియాలు పెట్టింది. కర్ర మాత్రం పక్కనే పెట్టుకుంది, నేనూ వద్దనలేదు.