ఎంకామా, ఎంబీఏ ఫైనాన్సా, సీఎఫ్‌పీనా: తిరుపతిలో ఏది మేలు?

డిగ్రీ అయ్యాక ఫైనాన్స్ వైపు వెళ్దామనుకునే తిరుపతి, చిత్తూరు పిల్లలకు ముందు చెవిన పడేవి రెండే. పీజీసెట్ రాసి ఎంకాంలో చేరడం, లేదంటే ఐసెట్ రాసి ఎంబీఏలో చేరడం. కుటుంబాల డబ్బు సర్దిపెట్టే పని మీద, అంటే పర్సనల్ ఫైనాన్షియల్ ప్లానింగ్ మీద మనసున్నవాళ్లకు ఈ రెండూ చుట్టుదారులే. ఆ పనికైతే డిగ్రీతోనే ఎన్‌ఐఎస్‌ఎం (షేర్లు, ఫండ్ల మార్కెట్లలో పనిచేసేవాళ్లకు పరీక్షలు పెట్టే జాతీయ సంస్థ) పరీక్షలు రాసి, ఆపైన సీఎఫ్‌పీ, అంటే సర్టిఫైడ్ ఫైనాన్షియల్ ప్లానర్ సర్టిఫికెట్ చెయ్యడం మేలు. కంపెనీ ఉద్యోగం కావాలంటే ఎంబీఏ, పాఠాలు చెప్పాలంటే ఎంకాం. మూడూ ఒకే చదువు అనుకుని, ఫీజు ఎక్కడ తక్కువుంటే అక్కడ చేరిపోవడంతోనే చిక్కొస్తోంది.

ఎంకాం సంగతి తొందరగా తేలిపోతుంది. రెండేళ్లు, నాలుగు సెమిస్టర్లు. ఎస్వీ యూనివర్సిటీ లాంటి చోట ఫీజు భారం తక్కువ. అకౌంట్స్, కాస్టింగ్, ట్యాక్స్ గట్టిపడతాయి. తర్వాత నెట్ రాస్తే లెక్చరర్ పోస్టుకు అర్హత వస్తుంది. పెట్టుబడుల పేపరు ఉన్నా అది సిద్ధాంతంతోనే ఆగుతుంది. ఒక ఇంటి జమాఖర్చు ముందు పెట్టి ‘వీళ్లు ఏం చెయ్యాలి’ అని అడిగే ప్రశ్న మాత్రం పరీక్షలో రాదు.

ఎంబీఏలో ఆ ప్రశ్న వస్తుంది కానీ, అక్కడ కూర్చునేది కుటుంబం కాదు, కంపెనీ. యంత్రం కొనాలా వద్దా, వర్కింగ్ క్యాపిటల్ ఎంత, అప్పు ఎంత, వాటా ఎంత: కోర్ పేపర్లన్నీ ఇవే. కరకంబాడి, శ్రీసిటీ ఫ్యాక్టరీల ఫైనాన్స్ విభాగాలకో, చెన్నై, బెంగళూరు బ్యాంకులకో వెళ్లేవాళ్లకు ఇది బాగా పనికొస్తుంది. పోర్ట్‌ఫోలియో మేనేజ్‌మెంట్, డెరివేటివ్స్ లాంటివి చాలాచోట్ల ఎలెక్టివ్‌లు, అంటే ఇష్టమైతే ఎంచుకునే పేపర్లు. చాలినంతమంది తీసుకోకపోతే ఆ పేపరు నడపరు. కాబట్టి కౌన్సెలింగ్‌కు ముందే కాలేజీకి వెళ్లి, బ్రోషర్‌లో ఉన్నవి కాదు, కిందటేడు నిజంగా నడిచిన ఎలెక్టివ్‌లు ఏవో రెండో ఏడాది విద్యార్థుల్ని అడగండి. ప్రాజెక్టు ఇంకో గండి. ఏదో ఒక బ్యాంకు బ్యాలెన్స్‌షీట్లు తెచ్చి రేషియోలు వేసి బైండింగ్ చేయించడం ఆనవాయితీ అయిపోయింది. దాని బదులు ఇరవై కుటుంబాల ఆదాయం, అప్పు, బీమా వివరాలు తీసుకుని ప్లాన్లు రాస్తే ఇంటర్వ్యూలో మాట్లాడటానికి సరుకుంటుంది. ఇక శ్రీసిటీలోనే క్రియా యూనివర్సిటీ కింద ఐఎఫ్ఎంఆర్ బిజినెస్ స్కూల్ ఉంది. ఫైనాన్స్‌లో దానికి పేరు బాగానే ఉంది. ఫీజు లక్షల్లో, అడ్మిషన్ క్యాట్ లాంటి పరీక్షలతో. విద్యా రుణం తీసుకునేవాళ్లు దాన్ని లోకల్ ఎంబీఏతో కాక, పెద్ద నగరాల బిజినెస్ స్కూళ్లతో పోల్చుకోవాలి.

ప్లానర్ పని ఎలా ఉంటుందో ఒక్క లెక్కలో చూడొచ్చు. ఒకాయన ఏటా 50,000 చొప్పున 20 ఏళ్లు ప్రీమియం కడితే చివర 18 లక్షలు వస్తాయని ఎవరో పాలసీ చూపించారనుకోండి. ఎక్సెల్‌లో రేట్ ఫంక్షన్ తెరిచి వరుసగా 20, మైనస్ 50000, 0, 1800000, 1 వెయ్యండి. ఏడాదికి రాబడి సుమారు 5.3 శాతం అని వస్తుంది. చివరి 1 మర్చిపోతే 5.8 చూపిస్తుంది. ఎందుకంటే ప్రీమియం కట్టేది ఏడాది మొదట్లో, ఎక్సెల్ ఏమో ఏడాది చివర కట్టినట్టు లెక్కేస్తుంది. మైనస్ మర్చిపోతే జవాబే రాదు, ఎర్రర్ వస్తుంది. అదే 50,000 పీపీఎఫ్‌లో 7.1 శాతానికి, 15 ఏళ్లు కట్టి మరో అయిదేళ్లు పొడిగిస్తే, దాదాపు 22 లక్షలు అవుతుంది. పాలసీలో ఉండే బీమాకు బదులుగా టర్మ్ ప్లాన్ (అచ్చంగా బీమా మాత్రమే ఉండే పాలసీ) ప్రీమియం విడిగా కలిపి చూడాలి, అప్పుడే పోలిక న్యాయంగా ఉంటుంది. ఈ లెక్క వెయ్యడం ఎంకాం పూర్తయినవాళ్లకూ వచ్చు. దాన్ని క్లయింట్ ముందు వెయ్యాలన్న ఊహ మాత్రం సిలబస్ ఇవ్వదు.

సీఎఫ్‌పీ ఇచ్చేది అదే. మన దేశంలో దీన్ని ఎఫ్‌పీఎస్‌బీ ఇండియా అనే సంస్థ నడుపుతుంది. మామూలు దారిలో మూడు మాడ్యూళ్లుంటాయి: పెట్టుబడులు ఒకటి, రిటైర్మెంటు-పన్నులు ఒకటి, రిస్కు-వారసత్వం ఒకటి. తర్వాత అన్నీ కలిపి ఒక కుటుంబానికి పూర్తి ప్లాన్ రాయాలి, చివరి పరీక్ష పాసవ్వాలి, పని అనుభవం చూపాలి. కాబట్టి దీన్ని ఏడాదిలో ముగించాలని ఆశపడకండి. అది చేతికొచ్చినా సలహాకు ఫీజు తీసుకోవాలంటే స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ దగ్గర ఇన్వెస్ట్‌మెంట్ అడ్వైజర్‌గా విడిగా నమోదు కావాలి. అందుకు ఎన్‌ఐఎస్‌ఎం టెన్-ఏ, టెన్-బీ పరీక్షలున్నాయి. 60 శాతం వస్తేనే పాస్, తప్పు జవాబుకు మార్కులు పోతాయి. 2024 డిసెంబరు సవరణతో పీజీ, అయిదేళ్ల అనుభవం అన్న షరతులు పోయి, సంబంధిత డిగ్రీ చాలన్నారు. 150 మంది క్లయింట్ల దాకా లక్ష రూపాయల డిపాజిట్ పెట్టాలి. ఎంబీఏ లేకుండా ఈ పనిలోకి రావడం ఇప్పుడు తేలికైంది.

ఇంకా చిన్న మెట్టు ఎన్‌ఐఎస్‌ఎం ఫైవ్-ఏ, కమిషన్ మీద మ్యూచువల్ ఫండ్లు అమ్మే డిస్ట్రిబ్యూటర్ల పరీక్ష. వంద ప్రశ్నలు, రెండు గంటలు, 50 మార్కులొస్తే పాస్, నెగటివ్ మార్కుల్లేవు. డిగ్రీ చివరి ఏడాదిలోనే రాసెయ్యొచ్చు. సర్టిఫికెట్ మూడేళ్లు చెల్లుతుంది. తర్వాత మ్యూచువల్ ఫండ్ల సంఘం యాంఫీ దగ్గర ఏఆర్‌ఎన్ అనే నమోదు నంబరు తీసుకోవాలి. సంపాదన లెక్క ముందే వేసుకోండి: వందమంది నెలకు 5,000 సిప్ (నెలనెలా ఫండ్‌లో కట్టే వాయిదా) మొదలెట్టారనుకున్నా, అప్పటికి పోగైన మొత్తం మీద కమిషన్ ఏడాదికి 0.8 శాతం అనుకుంటే, మొదటి ఏడాది మొత్తానికి 26,000 దాటదు, అదీ మార్కెట్ పెరగలేదు, తగ్గలేదు అనుకుంటే. వందమంది దొరకడమే కష్టం, అది వేరే మాట. అందుకే ఉద్యోగం చేస్తూ మొదలుపెట్టినవాళ్లు నిలుస్తారు. విజిటింగ్ కార్డు మీద ‘వెల్త్ అడ్వైజర్’ అని వేసుకోకండి, సెబీ నమోదు లేని డిస్ట్రిబ్యూటర్లకు ఆ పేరు వాడే హక్కు లేదు.

ఏ కోర్సూ నేర్పనిది మన జిల్లాల ఆదాయపు తీరు. ప్లానింగ్ పుస్తకాలన్నీ నెలజీతంతో మొదలవుతాయి. బంగారుపాళ్యం తోతాపురి రైతుకు డబ్బు జూన్, జూలైల్లో ఒక్కసారే వస్తుంది. ఆయనతో నెలనెలా సిప్ కట్టిస్తే జనవరికల్లా బ్యాంకులో బ్యాలెన్స్ లేక వాయిదా బౌన్స్ అవుతుంది. పంట డబ్బు లిక్విడ్ ఫండ్‌లో (ఎప్పుడంటే అప్పుడు తీసుకోగలిగే, రిస్కు తక్కువున్న ఫండ్) పెట్టించి, అక్కడినుంచి నెలనెలా కొంత షేర్లలో పెట్టే ఈక్విటీ ఫండ్‌కు మారేలా ఎస్‌టీపీ పెట్టాలి. ప్రభుత్వ టీచరు దగ్గరికెళ్తే పే స్లిప్‌లో ఏపీజీఎల్ఐ (ప్రభుత్వ ఉద్యోగుల జీవిత బీమా) కోత, 2004 సెప్టెంబరు నుంచి చేరినవాళ్లైతే సీపీఎస్ (కంట్రిబ్యూటరీ పెన్షన్) కోత కనిపిస్తాయి. అవి చూడకుండా బీమా, పెన్షన్ ప్లాన్ చెబితే ఉన్నదాన్నే మళ్లీ కొనిపించినట్టవుతుంది. చీటీ పాడుకున్నవాళ్ల లెక్కకు రేట్ ఫంక్షన్ కుదరదు. నెలనెలా కట్టింది ఎంతో విడివిడిగా వేసి ఐఆర్‌ఆర్ ఫంక్షన్ వాడాలి. పాట తగ్గిన నెలల్లో కట్టేది మారుతుంది కదా.

ఎంబీఏలో ఇప్పటికే చేరినవాళ్లు మానెయ్యక్కర్లేదు. మొదటి సెమిస్టర్ సెలవుల్లో ఫైవ్-ఏ, రెండో ఏడాదిలో టెన్-ఏ రాస్తే ఎలెక్టివ్ నడవని లోటు చాలావరకు పూడుతుంది. సీఎఫ్‌పీ ఫీజు మాత్రం జీతం మొదలయ్యాక కట్టండి.