చికిత్స ముగిశాక ఏ ఇల్లు మేలు: చార్టరా, సర్టిఫికెట్టా, లైసెన్సా?

మా అక్క కొడుకు 28 రోజుల చికిత్స ముగించుకుని బయటికి వచ్చిన రోజు రాత్రి మా ఇంట్లో ఎవరికీ కంటి మీద కునుకు లేదు. వాడు మానేశాడు, సంతోషమే. కానీ ఇకమీదట ఎక్కడ ఉంటాడు? పాత గదికి వెళితే పాత స్నేహితులు తలుపు తడతారు. మా ఇంట్లో పెట్టుకుంటే వాడు బాత్‌రూంలో రెండు నిమిషాలు ఎక్కువ ఉన్నా నా గుండె దడదడలాడుతుంది. అలాంటి కాపలా కింద ఏ మనిషీ కోలుకోలేడు. విజయవాడ నుంచి అక్క ఫోనులో ఏడుస్తూనే, "మంచి హాస్టల్ లాంటిది ఏదైనా చూడవే" అంది.

అమెరికాలో అలాంటి ఇళ్లను రికవరీ హౌస్ అనీ సోబర్ హోమ్ అనీ పిలుస్తారు. మద్యం, మత్తు పదార్థాలు మానేసినవాళ్లు కలిసి అద్దెకుండే మామూలు ఇళ్లు ఇవి. బయట నుంచి చూస్తే పక్కింటికీ దానికీ తేడా తెలియదు. దేశం మొత్తం మీద ఇవి ఎన్ని ఉన్నాయో కచ్చితమైన లెక్క లేదని ప్రభుత్వ తనిఖీ సంస్థ జీఏవో 2018లో ఒక నివేదికలో చెప్పింది. లెక్కే లేనిచోట మంచిదేదో ఎలా పోల్చుకోవాలి? చేతికి దొరికే ఆధారాలు మూడే: ఆక్స్‌ఫర్డ్ హౌస్ అనే సంస్థ ఇచ్చే చార్టర్ (గుర్తింపు పత్రం), నార్ అనే సంస్థ ప్రమాణాల మీద ఇచ్చే సర్టిఫికెట్, కొన్ని రాష్ట్రాల్లో ప్రభుత్వ లైసెన్సు. పైకి మూడూ ఒకటే అనిపిస్తాయి. దగ్గరికి వెళ్లి చూస్తే ఒక్కొక్కటి ఒక్కో విషయానికి పూచీ పడుతుంది.

ముందు ఆక్స్‌ఫర్డ్ హౌస్ సంగతి. 1975లో మేరీలాండ్‌లోని సిల్వర్ స్ప్రింగ్‌లో డబ్బు చాలక ఒక పునరావాస గృహం మూతపడబోతుంటే, అందులో ఉంటున్న పాల్ మొలాయ్, తోటివాళ్లు కలిసి అద్దె తామే కట్టుకుంటామని ఇంటిని నిలబెట్టుకున్నారు. ఇప్పుడు అలాంటి ఇళ్లు 3,000కు పైగా ఉన్నాయి. చార్టర్‌కు రుసుము లేదు. షరతులు మూడు: ఇంటిని అందులో ఉండేవాళ్లే ఓట్లతో నడుపుకోవాలి, ఖర్చులు తామే భరించుకోవాలి, మళ్లీ తాగినవాళ్లనో మత్తు తీసుకున్నవాళ్లనో వెంటనే పంపించేయాలి. మేనేజరు ఉండడు. ఎన్నాళ్లు ఉండవచ్చన్న గడువూ లేదు.

అలాంటి ఒక ఇంటి వారాంతపు సమావేశానికి అతిథిగా వెళ్లి గంటసేపు కూర్చున్నాను. భోజనాల బల్ల చుట్టూ ఎనిమిది మంది. కోశాధికారి బ్యాంకు నిల్వ ఎంతో చదివాడు, తర్వాత ఎవరెవరు ఎంత బాకీ ఉన్నారో పేరు పేరునా చదివాడు. రెండు వారాల బాకీ ఉన్న ఒకాయన తలదించుకుని, శుక్రవారం జీతం వస్తుందన్నాడు. చర్చించి, చేతులెత్తి, గడువిచ్చారు. ఎవరూ ఎవరినీ తిట్టలేదు. అప్పు దాచలేని, అబద్ధం నిలవని ఇల్లు అది. ఈ మందు మరెక్కడా దొరకదనిపించింది.

దీనికి పరిశోధన బలం కూడా ఉంది. డీపాల్ విశ్వవిద్యాలయానికి చెందిన లెనార్డ్ జేసన్ బృందం ఇల్లినాయ్‌లో చికిత్స పూర్తయిన 150 మందిని చీటీ తీసినట్టు రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టును ఆక్స్‌ఫర్డ్ ఇళ్లకు, రెండో జట్టును మామూలు పద్ధతిలో పంపింది. రెండేళ్ల తర్వాత చూస్తే మళ్లీ వ్యసనంలో పడినవాళ్లు మొదటి జట్టులో 31.3 శాతం, రెండో జట్టులో 64.8 శాతం. 2006లో ప్రచురితమైన ఈ ఫలితాల స్థాయి ఆధారం మిగిలిన రెండు కాగితాల వెనుక నాకు కనబడలేదు.

మరి లోటేమిటి? కొత్తవాడి మొదటి రాత్రి. ఒళ్లు వణుకుతూ, మత్తు మీదకు మనసు లాగుతున్నప్పుడు పక్క గదిలో ఉన్నది తనలాంటి మనిషే గాని శిక్షణ పొందిన సిబ్బంది కాదు. ఒకసారి జారితే అర్ధరాత్రయినా సంచి సర్దుకోవాలి. పైగా వాటా డబ్బు ఎవరిది వాళ్లు కట్టాలి. ఎఫ్-1 వీసా మీద చదువుకుంటూ క్యాంపస్‌లోనే, అదీ చదువు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలకు మించి పని చేయకూడని మన పిల్లలకు ఇది నిజమైన అడ్డంకి.

సర్టిఫికెట్ సంగతి వేరు. నేషనల్ అలయన్స్ ఫర్ రికవరీ రెసిడెన్సెస్, పొట్టిగా నార్, 2011లో మొదలైంది. ప్రమాణాలు అది రాస్తుంది, రాష్ట్రాల్లోని అనుబంధ సంస్థలు ఇళ్లను తనిఖీ చేస్తాయి. ఇళ్లను నాలుగు స్థాయులుగా చూస్తారు. మొదటిది ఉండేవాళ్లే నడుపుకొనేది, అంటే ఆక్స్‌ఫర్డ్ తరహా. రెండో దానిలో ఇంటి పెద్ద ఒకరుంటారు. మూడో దానిలో జీతం తీసుకునే సిబ్బంది, రోజువారీ కార్యక్రమం ఉంటాయి. నాలుగోది చికిత్సతో కలిసినది.

ఈ ప్రమాణాలు చదువుతుంటే, చేదు అనుభవాలు చూసినవాళ్లే రాశారని తెలిసిపోతుంది. మంచానికి కనీసం 50 చదరపు అడుగుల చోటు. ఆరుగురికి ఒక స్నానాలగది. మత్తు మోతాదు మించి ఊపిరి ఆగబోతే కాపాడే నాలోక్సోన్ మందు అందరికీ అందేచోట ఉండాలి. డబ్బు తీసుకోకముందే మొత్తం ఎంతవుతుందో, మధ్యలో వెళ్లిపోతే ఎంత తిరిగిస్తారో కాగితం మీద రాసివ్వాలి. సిబ్బంది అక్కడ ఉండేవాళ్ల దగ్గర అప్పు తీసుకోకూడదు, ఇవ్వకూడదు. ఫిర్యాదు ఎవరికి చేయాలో చెప్పాలి. మేము చూసిన రెండో ఇంట్లో వంటగది గోడకు ముక్కులో కొట్టే నాలోక్సోన్ స్ప్రే డబ్బా బిగించి ఉంది. దాని గడువు తేదీ నెల రోజుల క్రితమే దాటిపోయింది. నిర్వాహకురాలు చూసి, నా ఎదుటే ఫోను తీసి కొత్తది తెప్పించింది. సర్టిఫికెట్ ఉన్న ఇంట్లోనూ తప్పులుంటాయి. తప్పు చూపిస్తే దిద్దుకునే అలవాటు ఉందా లేదా అన్నదే నేను చూస్తాను.

ఈ సర్టిఫికెట్ చాలా రాష్ట్రాల్లో స్వచ్ఛందమే. కారణం చట్టంలో ఉంది. వ్యసనం నుంచి కోలుకుంటున్నవాళ్లను ఇళ్ల విషయంలో వివక్ష నుంచి కాపాడే కేంద్ర చట్టం ఉంది కాబట్టి, వాళ్ల ఇళ్ల మీద మాత్రమే ప్రత్యేక ఆంక్షలు పెడితే కోర్టులో నిలవడం కష్టం. వాషింగ్టన్ రాష్ట్రంలోని ఎడ్మండ్స్ నగరం ఒక ఆక్స్‌ఫర్డ్ హౌస్‌ను ఖాళీ చేయించబోయి 1995లో సుప్రీంకోర్టులో ఓడిపోయింది. అందుకే ఫ్లోరిడా పక్కదారి వెతికింది. 2015లో సర్టిఫికెట్‌ను స్వచ్ఛందంగానే ఉంచి, 2016 జులై నుంచి లైసెన్సు ఉన్న చికిత్సా కేంద్రాలు సర్టిఫికెట్ లేని ఇళ్లకు రోగులను పంపకూడదని చట్టం చేసింది. ఇల్లు నడిపేవాడిని బలవంతం చేయకుండా ఆ ఇంటికి మనుషులు వచ్చే దారిని కట్టడి చేశారు. నా దృష్టిలో ఇది తెలివైన పని.

ఇక లైసెన్సు. ప్రభుత్వ ముద్ర అంటే మనవాళ్లకు కొండంత నమ్మకం. అక్క కూడా మొదట అడిగింది అదే: "గవర్నమెంటు లైసెన్సు ఉందా?" అరిజోనా ఏం నేర్పిందో ఆమెకు చెప్పాను. అక్కడ సోబర్ హోమ్‌లకు లైసెన్సు ఉండాలన్న చట్టం 2018లో వచ్చింది. అయినా 2023 మే నెలలో గవర్నర్, అటార్నీ జనరల్ ముందుకొచ్చి, ప్రభుత్వ వైద్య బీమా బిల్లుల్లో భారీ మోసం జరిగిందని, వందకు పైగా సంస్థలకు చెల్లింపులు ఆపేశామని ప్రకటించాల్సి వచ్చింది. నవాహో, ఇతర ఆదివాసీ ఊళ్ల నుంచి మనుషులను వ్యాన్లలో ఎక్కించుకుని ఫీనిక్స్ ఇళ్లలో పడేసి, వాళ్ల పేరు మీద జరగని చికిత్సకు బిల్లులు వేశారు. చాలా ఇళ్లకు లైసెన్సే లేదు. బిల్లులు వేసింది క్లినిక్కులు. ఇంటికి లైసెన్సు ఇచ్చే శాఖ ఒకటి, క్లినిక్కుకు డబ్బు చెల్లించే శాఖ మరొకటి. ఆ రెంటి మధ్య సందులో ఎన్నో ప్రాణాలు పోయాయి. లైసెన్సు అక్కర్లేదని నేననను. అది అగ్గి రాజుకుంటే బయటపడే దారి ఉందా, గదికి ఎంతమంది అన్నది చూస్తుంది. ఆ ఇంటికి డబ్బు ఎక్కడి నుంచి వస్తోందో దానికి తెలియదు.

అందుకే ఏ కాగితం చూపినా నేను ముందు అడిగేది అద్దె గురించి. మేము చూసిన మూడో ఇల్లు అన్నిటికన్నా అందంగా ఉంది. తోలు సోఫాలు, పెద్ద టీవీ. మావాడు నా చెవిలో, "పిన్నీ, ఇక్కడ అద్దె కట్టనక్కరలేదట, బీమా చూసుకుంటుందట" అన్నాడు. బీమా ఇంటి అద్దె కట్టదు. చికిత్సకు, పరీక్షలకు కడుతుంది. అద్దె వద్దన్నవాడు ఆ డబ్బు మూత్ర పరీక్షల బిల్లుల్లో రాబట్టుకుంటాడు. మనిషి మళ్లీ జారితే మళ్లీ చికిత్స, మళ్లీ బిల్లు, అంటే వాడు కోలుకోకపోవడమే లాభం. ఇలా రోగులను పంపినందుకు కమిషన్ తీసుకోవడం 2018 నాటి కేంద్ర చట్టం కింద నేరం, పదేళ్ల దాకా జైలు. మేము టీ తాగకుండానే లేచి వచ్చాం.

ఇంకో రెండు సంగతులు అడగాలి. మీవాళ్లు బ్యూప్రెనార్ఫిన్ లాంటి మందు వాడుతుంటే, ఆ మందుతో రానిస్తారా? "మా ఇంట్లో ఏ మందూ ఉండకూడదు" అని గర్వంగా చెప్పే ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఓపియాయిడ్, అంటే హెరాయిన్ లాంటి నల్లమందు జాతి మత్తుల వ్యసనంలో ఆ మందు ప్రాణం నిలుపుతుంది. డాక్టరు రాసిచ్చిన మందు వాడుతున్నారని దూరం పెట్టడం వివక్ష అవుతుందని అమెరికా న్యాయశాఖ 2022లో స్పష్టం చేసింది. రెండోది చిన్నదే గాని మనకు మాత్రమే వచ్చే చిక్కు: గసగసాలు. కోడికూరలో అమ్మ వేసే గసగసాల ముద్ద మూత్ర పరీక్షలో మార్ఫిన్ చూపించగలదు. చాలా ఇళ్లలో అవి నిషేధం. పండక్కి డబ్బాలో కూర పంపేటప్పుడు జీడిపప్పు ముద్దతో చేయండి.

అయితే ఏది మేలు? చికిత్స నుంచి అప్పుడే బయటపడి, ఉద్యోగం లేక, రాత్రులు నిద్ర పట్టని మనిషికి నార్ సర్టిఫికెట్ ఉన్న మూడో స్థాయి ఇల్లే సరైనది, ఖర్చు ఎక్కువైనా సరే. కాస్త కుదురుకుని సంపాదించుకుంటున్నవాళ్లకు ఆక్స్‌ఫర్డ్ హౌస్‌కు మించినది నాకు తెలియదు. లైసెన్సు తప్పనిసరి అయిన రాష్ట్రంలో అది లేని ఇంటి గడప తొక్కవద్దు. కానీ అదొక్కటే చూసి ఎవరినీ చేర్చవద్దు. పరువు పోతుందని ఎవరికీ చెప్పకుండా, ఇంటర్నెట్‌లో మొదట కనబడిన నంబరుకు ఫోను చేసి పిల్లవాడిని అప్పగించేవాళ్లను చూశాను. సర్టిఫికెట్ ఉన్న ఇళ్ల జాబితాలను రాష్ట్ర అనుబంధ సంస్థలే ఉంచుతాయి, ఆక్స్‌ఫర్డ్ హౌస్ తన ఖాళీలను తానే చూపిస్తుంది. ఎవరికీ చెప్పకుండానైనా వాటిని చూడవచ్చు.

మావాడు ఆ రెండో ఇంట్లో, నాలోక్సోన్ డబ్బా మార్పించిన ఇంట్లో, ఐదు నెలలుగా ఉంటున్నాడు. గోదాములో ఉద్యోగం దొరికింది. నేను వెళ్లి కూర్చున్న ఆక్స్‌ఫర్డ్ హౌస్‌లో ఈ మధ్య ఒక మంచం ఖాళీ అయి మళ్లీ నిండింది, ఇప్పుడింకొకటి ఖాళీ కాబోతోంది. మూడో నెలలో ఒక్కసారి జారిన సంగతి వాళ్లకు చెప్పాలా అని నిన్న అడిగాడు. చెప్పమన్నాను. ఈ ఆదివారం ఇంటర్వ్యూ. 80 శాతం ఓట్లు కావాలి. బల్ల చుట్టూ ఎనిమిది మంది, అందులో ఏడుగురు చెయ్యెత్తాలి.